గాలి అలసిపోయే చోటు

(చెన్నైలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినవారు ఒక షరతు పెట్టారు. భాషను గురించి మాట్లాడవద్దు, మీరు చేసే పనిని గురించి తెలుగులో చెప్పండి అన్నారు. మొదటిదానికంటె రెండవది ఎంత కష్టమో ఒప్పుకొన్న తరువాత గాని తెలియలేదు. ముప్పై ఏళ్ళు నేను గాలి యంత్రాల మధ్య బ్రతికాను. ఆ పనిని గురించి ఆఫీసులో ఇంగ్లీషులో మాట్లాడాను, యంత్రం దగ్గర తమిళంలో మాట్లాడాను. ఇంటికి వచ్చిన తరువాత మా అమ్మగారు “నువ్వు చేసే పని ఏమిటి నాయనా?” అని అడిగితే “కరెంటు పనేనమ్మా” అని తప్పించుకొన్నాను. ఆమె ఉన్నన్నాళ్ళూ అంతకు మించి చెప్పలేకపోయాను. ఆమెకు అర్థం కాదని కాదు; చెప్పడం నాకు చేతకాలేదు. ఆ బాకీలో కొంతైనా ఈ సాయంత్రం తీర్చుకొందామని వచ్చాను.

మీలో రైలు మీద వచ్చినవారు సెంట్రల్ చేరబోయే ముందు బేసిన్ బ్రిడ్జి దాటి వచ్చారు. అక్కడ బండి ఆగి సిగ్నలు కోసం నిలబడడం మనకందరికీ అలవాటైన సంగతే. ఆ దగ్గరలోనే ఒక్కొక్కటి 30 మెగావాట్ల చొప్పున నాలుగు గ్యాస్ టర్బైన్లు గల విద్యుత్ కేంద్రం 1996లో ఏర్పడింది. నా మాటలకు అక్కడి నుండి మొదలు పెడతాను.

గ్యాస్ టర్బైను చేసే పని చెప్పడం సులభమే. బయటి గాలిని పీల్చుకొంటుంది. దానిని గట్టిగా అదుముతుంది. అదిమిన గాలిలో ఇంధనం మండిస్తారు. ఆ వేడి గాలి వ్యాకోచిస్తూ టర్బైను చక్రాలను త్రిప్పుతుంది, ఆ చక్రాలతో పాటు జనరేటరు తిరుగుతుంది. విమానం ఇంజనులోనూ ఇదే కథ. కాకపోతే అక్కడ జనరేటరు ఉండదు, వెనుకకు దూసుకుపోయే వేడి గాలి విమానాన్ని ముందుకు తోస్తుంది. ఇందులో గాలిని అదిమే భాగాన్ని కంప్రెసర్ అంటున్నాము. పుస్తకాలలో సంపీడకం అన్నారు. రెండింటిలో ఏది వాడినా నాకు సమ్మతమే.

ఈ సంపీడకం పెద్ద తిండిపోతు. టర్బైను పుట్టించిన శక్తి అంతా మన ఇళ్ళకు రాదు. అందులో సగం నుండి మూడింట రెండు వంతుల వరకు సంపీడకమే తీసుకొంటుంది. పంట పండించిన రైతు విత్తనాలకు, ఎద్దులకు, కూలికి పోగా మిగిలిన గింజలనే ఇంటికి తెచ్చుకొన్నట్లు, సంపీడకం తినగా మిగిలినదే విద్యుత్తుగా బయటికి వస్తుంది. ఒక లెక్క చూడండి. టర్బైను 100 పాళ్ళు పుట్టించింది, సంపీడకం 60 తీసుకొన్నది, మనకు 40 మిగిలింది. ఇప్పుడు సంపీడకం దక్షత 85 శాతం నుండి 84 శాతానికి దిగిపోయిందనుకొందాము. అది 60కి బదులు 60.7 పాళ్ళు అడుగుతుంది. మనకు మిగిలేది 39.3. పోయినది ఒక్క శాతమే కదా అనుకొంటాము గాని, చేతికి వచ్చే దానిలో దాదాపు 2 శాతం తరిగిపోయింది. 30 మెగావాట్ల యంత్రంలో అది అర మెగావాటుకు పైమాట. అందుచేతనే ఈ నష్టం ఎక్కడ జరుగుతున్నదని వెదకడానికి ప్రపంచంలో ఎందరో తమ జీవితాలను వెచ్చించారు.

నష్టమంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. సైకిలుకు గాలి కొట్టినవారికి పంపు అడుగు వేడెక్కడం తెలుసు. ఆ వేడి అంతా నష్టం కాదు. గాలిని అదిమితే అది వేడెక్కి తీరుతుంది, అది ప్రకృతి ధర్మం. 30 డిగ్రీల గాలిని పది రెట్ల పీడనానికి, ఏ లోపమూ లేకుండా అదిమితే అది స్థూలంగా 312 డిగ్రీలకు చేరుతుంది. 85 శాతం దక్షత గల సంపీడకంలో అదే గాలి, అదే పీడనానికి వచ్చేసరికి, సుమారు 362 డిగ్రీల దగ్గర ఉంటుంది. పీడనంలో తేడా లేదు, వేడి మాత్రం 50 డిగ్రీలు ఎక్కువ. ఆ యాభై డిగ్రీలే మన నష్టం. రాపిడి వలన, సుడుల వలన, వేగంలో తేడాలున్న గాలి గాలితో కలగలిసి గజిబిజి కావడం వలన, పనికిరావలసిన శక్తి వేడిగా మారిపోయింది. శాస్త్రజ్ఞులు దీనినే ఎంట్రోపీ పెరగడం అంటారు. 1993లో కేంబ్రిడ్జి ఆచార్యుడు జాన్ డెంటన్ ఈ నష్టాల మీద ఒక సుదీర్ఘ వ్యాసం ప్రచురించి, నష్టాన్ని కొలవడానికి సరియైన కొలత ఎంట్రోపీయేనని గట్టిగా వాదించాడు. ఈ రంగంలోని వారందరూ నేటికీ ఆ వ్యాసాన్ని చదువుతూనే ఉన్నారు.

ఇక యంత్రం లోపలికి పోదాము. పొడుగాటి ఇరుసు మీద వరుసలు వరుసలుగా చక్రాలు, ప్రతి చక్రం అంచు చుట్టూ కత్తుల వంటి రెక్కలు. రెండు తిరిగే వరుసల నడుమ తిరగని వరుస ఒకటి. తిరిగే రెక్క గాలికి వేగం ఇస్తుంది, పీడనమూ కొంత పెంచుతుంది. నిలిచిన రెక్క ఆ వేగాన్ని తగ్గించి పీడనంగా మారుస్తుంది. రెక్క కొంచెం వంగి ఉంటుంది. లోపలికి వంగిన వైపును కడుపు అని, ఉబ్బిన వైపును వీపు అని పిలుస్తాను. కడుపు వైపు పీడనం ఎక్కువ, వీపు వైపు తక్కువ. ఈ రెండు మాటలు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాయి.

టర్బైనులోనూ రెక్కలే ఉన్నాయి, సంపీడకంలోనూ రెక్కలే ఉన్నాయి. కాని రెండింటికీ ఏరు దిగడానికి, కొండ ఎక్కడానికి ఉన్నంత తేడా ఉన్నది. టర్బైనులో గాలి ఎక్కువ పీడనం నుండి తక్కువ పీడనానికి పోతుంది, కనుక పల్లానికి పారే నీరు వలె సాఫీగా పోతుంది. సంపీడకంలో గాలి తక్కువ పీడనం నుండి ఎక్కువ పీడనంలోకి ఎక్కిపోవాలి. తిరుత్తణి కొండ మెట్లు ఎక్కినట్లు. బలమున్నవాడు ఎక్కుతాడు, అలసినవాడు నడుమ కూలబడతాడు. అలసిన గాలి ఎక్కడ ఉంటుందన్నదే ప్రశ్న.

దీనికి జవాబు 1904లో లుడ్విగ్ ప్రాంటల్ అనే జర్మన్ ఇంజనీరు, హైడెల్బర్గులో గణితజ్ఞుల మహాసభలో చేసిన ఒక చిన్న ప్రసంగంలో చెప్పాడు. గాలి ఒక తలాన్ని ఒరుసుకొని పోయేటప్పుడు ఆ తలాన్ని అంటుకొన్న గాలి కదలకుండా నిలిచిపోతుంది. దాని పైది కొంచెం కదులుతుంది. ఆ పైది ఇంకొంచెం. ఒక పలుచని పొర దాటిన తరువాత గాలి తన పూర్తి వేగంతో పోతుంది. రాపిడి అంతా ఆ పలుచని పొరలోనే, బయట దాదాపు లేదు. ఈ పొరకు తెలుగులో సరిహద్దు పొర అని పేరు. సరిహద్దు అన్న మాట మనకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు గనుక దానిని వదిలి ముందుకు పోతాను.

సంపీడకపు రెక్క మీద ఈ పొర మందం మిల్లీమీటరులో కొంత భాగం మొదలుకొని కొన్ని మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. అలసిన గాలి అంతా అందులో ఉన్నది. ఎదుట పీడనం పెరుగుతున్న కొద్దీ బయటి గాలి తన వేగాన్ని ఖర్చు పెట్టి ఎక్కుతుంది. లోపలి పొరలోని గాలికి ఖర్చు పెట్టడానికి వేగమే లేదు. అది నెమ్మదిస్తుంది, ఆగుతుంది, చివరకు వెనుదిరుగుతుంది. అప్పుడు బయటి గాలి రెక్క వీపును వదిలి దూరంగా విడిపోతుంది. విడిపోయిన చోట సుళ్ళు. పీడనం పెరగదు, శక్తి మాత్రం పోతుంది.

ఈ సంగతి తెలియక చాలామంది నష్టపోయారు. ఆవిరి టర్బైనును 1884లో నిర్మించిన చార్లెస్ పార్సన్స్ సామాన్యుడు కాడు. టర్బైనును తలక్రిందులు చేసి త్రిప్పితే గాలిని అదమగలదు కదా అని ఆయనకు తోచింది. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాలలో అటువంటి యంత్రాలు కొన్ని చేసి అమ్మాడు కూడా. దక్షత తృప్తికరంగా రాక, కొన్నేళ్ళకు ఆ ప్రయత్నం విరమించుకొన్నాడు. 1926లో ఫార్న్‌బరోలో పనిచేస్తున్న ఆలన్ గ్రిఫిత్ కారణం వివరించాడు: ఆ రెక్కల మీద గాలి నిలవడం లేదు, అవి విడివడిన ప్రవాహంలోనే తిరుగుతున్నాయి; విమానం రెక్క ఆకారంలో వాటిని చెక్కితే పని జరుగుతుంది అని. పల్లానికి దిగేవాడికి కుట్టిన చెప్పులు కొండ ఎక్కేవాడికి వేశారన్నమాట.

కనుక గాలిని ఒకే ఉరుకున ఎక్కించకూడదు. మెట్లు చిన్నవిగా ఉండాలి. 1953లో డి హాలర్ అనే స్విస్ ఇంజనీరు ఒక హద్దు చెప్పాడు: ఒక వరుసలోకి 100 వేగంతో వచ్చిన గాలిని 72కు తక్కువ చేయకండి, చేస్తే విడిపోతుంది. మోటు సూత్రమే గాని, మొదటి అంచనాకు నేటికీ వాడుతున్నారు. దీని ఫలితం మన దేశపు ఇంజనులోనే చూడవచ్చు. బెంగుళూరులోని గ్యాస్ టర్బైను పరిశోధన సంస్థ వారు యుద్ధ విమానం కోసం రూపొందించిన కావేరి ఇంజనుకు 1989లో అనుమతి వచ్చింది. అది తేజస్ విమానానికి అందక, 2008లో ఆ విమానం నుండి దానిని వేరు చేసినా, దాని మీద పని ఆగలేదు. మనిషి లేని విమానాలకు దాని రూపాంతరాన్ని సిద్ధం చేసే ప్రయత్నం సాగింది. ఆ ఇంజనులో గాలిని అదమడానికి ముందు మూడు వరుసలు, తరువాత ఆరు, మొత్తం తొమ్మిది మెట్లున్నాయి. వాటన్నిటినీ త్రిప్పే టర్బైను మెట్లు రెండే రెండు. తొమ్మిది మెట్లు కలిసి గాలి పీడనాన్ని సుమారు 21 రెట్లు చేస్తాయి. అంటే మెట్టుకు సగటున 1.4 రెట్లు. దిగడానికి రెండడుగులు చాలినవి, ఎక్కడానికి తొమ్మిది కావలసి వచ్చినవి.

ఇంతవరకు చెప్పినది రెక్క ఒంటి మీది నష్టం. నేను చదువుకొనే రోజుల్లో నష్టమంతా అక్కడే ఉన్నదనుకొనేవాణ్ణి. పుస్తకంలో బొమ్మ కూడా రెక్క నడుమ కోసి చూపిన ముక్కే కదా! కాని రెక్కకు రెండు కొసలున్నాయి. ఒక కొస చక్రానికి అతుక్కొని ఉన్నది, రెండవ కొస పైతొడుగు దగ్గర గాలిలో తిరుగుతున్నది. డెంటన్ వ్యాసంలోని స్థూలమైన అంచనా ఏమిటంటే, రెక్క ఒంటి మీద జరిగే నష్టం, గోడల దగ్గర జరిగే నష్టం, కొసల సందులలో కారిపోయే గాలి వలన జరిగే నష్టం, ఈ మూడూ ఎన్నో యంత్రాలలో ఇంచుమించు సమానం. ఆ లెక్కన మూడింట రెండు వంతులు అంచులలోనే పోతున్నది. రెక్క కొసలు ధ్వనికంటె వేగంగా తిరిగే ఇంజనులలో అఘాత తరంగాల నష్టం మరొకటి తోడవుతుంది. ఈ సాయంత్రం దాని జోలికి పోను.

గోడ దగ్గరి నష్టం అర్థం కావాలంటే ఒక గ్లాసు నీళ్ళు, చిటికెడు టీ ఆకు చాలు. ఆకు మునిగి అడుగుకు చేరిన తరువాత గరిటెతో గుండ్రంగా కలపండి. కలిపి గరిటె తీసివేయండి. ఆకు ఎక్కడికి పోతుంది? గుండ్రంగా తిరిగేది బయటికి విసరబడాలి కదా, అంచుకు పోవాలి అంటారు మా విద్యార్థులు. కాని ఆకు అడుగున నట్టనడుమ కుప్పగా చేరుతుంది. 1926లో ఐన్‌స్టీన్ దీని మీద ఒక వ్యాసం వ్రాశాడు. తిరిగే నీరు అంచు వైపు పీడనం పెంచుతుంది. పైనున్న నీరు తన వేగంతో ఆ పీడనానికి తట్టుకొంటుంది. గ్లాసు అడుగును అంటిన నీరు రాపిడికి అలసి నెమ్మదించింది, అది తట్టుకోలేదు. అంచు పీడనం దానిని నడిమికి తోస్తుంది, దానితో పాటు ఆకునూ ఈడ్చుకుపోతుంది. నదులు వంపు తిరిగే చోట లోపలి గట్టున ఇసుక మేట వేయడం, బయటి గట్టు కోసుకుపోవడం ఈ కారణం వలననే అని కూడా ఆయన ఆ వ్యాసంలోనే చెప్పాడు. పాలారులో నీరు పారిన రోజులు చూసిన పెద్దలకు ఆ మేటలు గుర్తుండే ఉంటాయి.

రెండు రెక్కల నడుమ దారిలోనూ జరిగేది ఇదే. అక్కడ గాలి వంపు తిరుగుతుంది. ఒక రెక్క కడుపు వైపు పీడనం ఎక్కువ, ఎదుటి రెక్క వీపు వైపు తక్కువ. నడుమ పోయే చురుకైన గాలి ఈ తేడాకు తట్టుకొని తన దారిన పోతుంది. గోడను అంటిన అలసిన గాలి తట్టుకోలేక, కడుపు వైపు నుండి ఎదుటి రెక్క వీపు వైపుకు అడ్డంగా జారిపోతుంది. పోయి, వీపూ గోడా కలిసే మూలలో పోగవుతుంది. అప్పటికే అలసిన వీపు మీది పొరకు ఈ అలసిన గాలి వచ్చి తోడైతే ఏమవుతుంది? ఆ మూల కూలబడుతుంది. మంచి రెక్క మీద కూడా మొట్టమొదట గాలి విడిపోయేది చాలావరకు ఈ మూలలోనే.

రెండవది కొస సందు. తిరిగే రెక్క పైతొడుగును తాకకూడదు, కనుక నడుమ సందు వదలాలి. కడుపు వైపు పీడనం ఎక్కువ కనుక గాలి ఆ సందులోంచి వీపు వైపుకు దూకుతుంది. దూకిన గాలి దిక్కు వేరు, ముందుకు పోయే గాలి దిక్కు వేరు. రెండూ కలిసిన చోట తాడు పేనినట్లు ఒక సుడి పుట్టి, రెక్కల నడుమ దారి పొడుగునా సాగిపోతుంది. సందు రెక్క ఎత్తులో నూటికి ఒక వంతు పెరిగితే దక్షత ఒకటి నుండి రెండు శాతం వరకు పడిపోతుందని మా వృత్తిలో ఒక మోటు లెక్క. సంపీడకం చివరి వరుసలలో గాలి ఒత్తుకుపోయి ఉంటుంది గనుక రెక్కలు పొట్టివి. అయిదు సెంటీమీటర్ల రెక్కకు నూటికి ఒక వంతంటే అర మిల్లీమీటరు. అర మిల్లీమీటరుకు, ఇందాక మనం వేసిన లెక్క ప్రకారం, చేతికి వచ్చే దానిలో రెండు మొదలు నాలుగు శాతం! అన్ని వరుసలలోనూ సందు పెరిగితేనే అంత అనుకోండి. అయినా, మా మెకానిక్కులు సందు కొలిచే రేకులను పూజాసామగ్రి వలె ఎందుకు దాచుకొంటారో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది.

ఈ సుళ్ళను కంటితో చూడలేము, కొలవాలి. అందుకు మన ఊళ్ళోనే చోటున్నది. 1959లో పశ్చిమ జర్మనీ సహాయంతో ఏర్పడిన మద్రాసు ఐఐటీలో ఇటువంటి యంత్రాల కోసమే ఒక ప్రయోగశాల ఉన్నది. రెక్కలను చక్రం నుండి విప్పి, తిన్నని వరుసగా ఒక గాలి సొరంగం మూతిలో నిలబెడతారు. వాటి వెనుక ఐదు రంధ్రాల సూది ఒకటి నడుపుతారు. పెన్సిలు మొన వంటి దాని తలలో నడుమ ఒక రంధ్రం, చుట్టూ నాలుగు. అయిదింటి పీడనాల తేడాను బట్టి అక్కడి గాలి ఏ దిక్కున, ఎంత వేగంతో పోతున్నదో, ఎంత శక్తి పోగొట్టుకొన్నదో తెలుస్తుంది. ఒక బిందువు కొలిచి, సూదిని ఒక మిల్లీమీటరు జరిపి, మళ్ళీ కొలవాలి. చదువుకొన్న రోజుల్లో ఇటువంటి సొరంగం ముందు ఎన్నో రాత్రులు గడిపాను. తెల్లవారేసరికి కాగితం మీద నాగటి చాలు వంటి ఒక లోయ కనబడేది. ప్రతి రెక్క వెనుక ఒక చాలు, మూలల దగ్గర ఆ చాలు గుంటగా వెడల్పయ్యేది. పుస్తకంలో చదివిన నష్టాన్ని నేను చూసినది అప్పుడే.

తిరిగే రెక్కల నడుమ కొలవడం ఇంకా కష్టం, సూది కూడా రెక్కలతో పాటు తిరగాలి. బుడుగూరు లక్ష్మీనారాయణ గారు (1935–2002) లివర్‌పూల్‌లో పరిశోధన చేసి, అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ఈ పనికే అంకితమైనారు. గోడల దగ్గరి నష్టాలను గురించి 1963లో హార్లాక్‌తో కలిసి, కొస సందును గురించి 1970లో ఒంటరిగా ఆయన వ్రాసిన వ్యాసాలు ఈ విద్యకు పునాదిరాళ్ళు. తిరిగే రెక్కల నడుమ సూదులతో గాలిని కొలవడం మీద 1981లో సీతారాం, లక్ష్మీనారాయణ, రవీంద్రనాథ్ గార్లు ముగ్గురూ కలిసి ఒక వ్యాసం వ్రాశారు. ఆ సీతారాం గారే మద్రాసు ఐఐటీ ప్రయోగశాలలో ఆచార్యులుగా పనిచేశారు. అక్కడి నుండి వెలువడిన వ్యాసాల మీద గోవర్ధన్, వెంకట్రాయులు వంటి పేర్లు చూసినప్పుడు నాకు గుండె నిండేది. పేరును బట్టి ఎవరి ఊరూ, ఎవరి నుడీ నిర్ణయించే అలవాటు నాకు లేదు. అయినా నిండేది.

ఇక ఒక తప్పును గురించి చెప్పాలి, అది నాది. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక విద్యుత్ కేంద్రంలో ఉండేవాణ్ణి. ఏ కేంద్రమో అనవసరం. యంత్రం రోజురోజుకూ కొంచెం కొంచెం తక్కువ విద్యుత్తు ఇవ్వసాగింది. ఇంధనం మండే చోట లోపమని నేను అక్కడే వెదికాను. రెండు వారాలు గడిచాయి. మాలో గుమ్మిడిపూండి వైపు నుండి వచ్చిన ముసలి ఫిట్టరు ఒకాయన ఉండేవాడు. యంత్రం ఆపిన రోజు ఆయన గాలి పీల్చే మూతిలోకి చేయి పెట్టి, మొదటి వరుస రెక్క మీద వేలితో గీసి, ఆ వేలు నాకు చూపించాడు. బూడిద రంగు జిడ్డు. నాలుక చివర అంటించుకొని “ఉప్పు” అన్నాడు. “సారూ, రెక్కలకు పాచి పట్టింది” అన్నాడు.

సముద్రపు గాలిలోని ఉప్పు, పొగ, నూనె ఆవిరి కలిసి వడపోతను దాటి వచ్చి రెక్కలకు అంటుకొన్నవి. వెంట్రుక మందం కూడా లేదు. కాని సరిహద్దు పొరే అంత పలుచనిది కదా! నున్నని రెక్క మీద సాఫీగా జారవలసిన గాలికి ఆ గరుకు తగిలి, పొర మందమెక్కి, త్వరగా అలసిపోతున్నది. పొర మందమెక్కితే రెక్కల నడుమ దారి ఇరుకై, యంత్రం పీల్చే గాలి కూడా తగ్గుతుంది. రెండు విధాలా నష్టం. దీనికి ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలుసు, పరీక్షలో నిర్వచనం కూడా వ్రాశాను. పాచి అన్న మాట విన్నాకనే అది పన్ను మీద, కుండ మీద, చెరువు మెట్టు మీద చూసినదేనని తట్టింది. యంత్రాన్ని నెమ్మదిగా త్రిప్పుతూ సబ్బు నీళ్ళు కొట్టి, కాసేపు నానబెట్టి, లవణాలు తీసిన నీటితో కడిగాము. పోయిన విద్యుత్తులో చాలా భాగం ఆ మరునాడే తిరిగి వచ్చింది. కడుగుడు రోజు అంతకు నెల ముందే ఉండవలసింది. ఎండాకాలం, విద్యుత్తు కొరత, యంత్రం ఆపితే పైవారు ఏమంటారోనని వాయిదా వేసినవాణ్ణి నేనే. ఆ నెల రోజులు కాలిన అదనపు ఇంధనం లెక్క వేసి ఆయన నాకు చూపించలేదు, నేను వేసుకొన్నాను.

నష్టం ముదిరితే అది లెక్కలతో ఆగదు. మూలల్లో కూలబడిన గాలి పెరిగి పెరిగి కొన్ని రెక్కల నడుమ దారిని పూర్తిగా మూసివేస్తుంది. మూసుకుపోయిన ఆ చోటు ప్రక్క రెక్కలకు, వాటి నుండి ప్రక్కవాటికి పాకుతూ, చక్రం వేగంలో ఇంచుమించు సగం వేగంతో చుట్టూ తిరుగుతుంది. అది ఇంకా ముదిరితే, అదిమి ఉంచిన గాలి అంతా ఒక్కసారిగా వెనుకకు తన్నుతుంది. ఫిరంగి పేలినట్లు చప్పుడు. విమానం ఇంజనులలో ముందు మూతి నుండి మంట బయటికి రావడం కూడా ఉన్నది. ఇక్కడే ఒక చిక్కు. ఎక్కువ పీడనం ఇచ్చే స్థితి ఆ ప్రమాదపు గీతకు దగ్గరగా ఉంటుంది. దూరంగా ఉంటే క్షేమం, కాని లాభం తక్కువ. ఎంత దగ్గరకు పోవాలన్న దాని మీద రూపకర్తలు, నడిపేవారు ఎప్పుడూ పోట్లాడుకొంటూనే ఉంటారు. నేను నడిపేవాడి పక్షం.

చేసిన ఉపాయాలు లేకపోలేదు. పైతొడుగు లోపల మెత్తని పూత పూస్తారు. రెక్క కొస వేడికి సాగి తాకినా పూత అరిగిపోతుంది గాని రెక్క విరగదు, కనుక సందు చిన్నదిగా ఉంచవచ్చు. గోడల దగ్గరి అలసిన గాలికి తగినట్లు రెక్కను కొసల దగ్గర వంచి, వాల్చి చెక్కుతున్నారు. ఒకప్పుడు సొరంగం ముందు నెలల తరబడి చేసిన పనిని కంప్యూటరు మీద ముందుగానే చేసి చూస్తున్నారు. అయితే గాలి విడిపోయే మూలలో కంప్యూటరు చెప్పేదానికి, సూది చెప్పేదానికి ఇంకా పూర్తిగా పొత్తు కుదరలేదు. ఇంజనీరింగు చదువుతున్న పిల్లలు ఈ సభలో ఉన్నారు. పని మిగిలే ఉన్నది, అది ఆ మూలలోనే ఉన్నది.

నాకిచ్చిన సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. వెనుక బల్ల మీద గ్లాసులు, నీళ్ళు, టీ ఆకు ఉంచారు. పిల్లలు ముందు వెళ్ళండి. కలిపిన తరువాత గరిటె తీసివేయడం మరచిపోవద్దు, లేకపోతే ఆకు నడిమికి చేరదు.